పాలు పడని బిడ్డయు, పంక్తి భోజనమును

పాడియు పంటయు గల గృహమును భాగ్యవంతమైన గృహమని తెలుగువారు తలంతురు. పెరుగన్నముతో ముగియని భోజనమును భోజనముగనే పరిగణింపని పెద్దలు మన యిండ్లలో నేటికిని గలరు. పుట్టినది మొదలు పాలే బలమని విని పెరిగిన తల్లికి, తన బిడ్డకు పాలు సరిపడవని వైద్యుడు చెప్పినప్పుడు ఎంత దిగులు కలుగునో వేరుగ వ్రాయనక్కరలేదు. పాలు మానిన బిడ్డ ఎట్లు పెరుగును? పెరుగు, పనీరు, జున్ను ఇవి యేవియు లేనిచో ఆ కంచములో ఏమి వడ్డింపవలెను? ఈ ప్రశ్నలకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒక సంఘటన

మేము నివసించునది ఒడిశా రాష్ట్రమునందలి బరంపురము. ఇచ్చట తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. మన పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో ఒడియా, పుస్తకములో ఇంగ్లీషు అలవాటు. కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో ఒక ఉత్సవదినమున పిల్లలకు మిఠాయి పంచితిమి. అది ఛెనాతో చేసిన మిఠాయి. మూడవ తరగతి బాలుడొకడు తన వంతు వచ్చినప్పుడు, "ఇందులో పాలున్నాయా?" అని తెలుగులో అడిగినాడు. వడ్డించు మనిషికి తెలుగు రాదు. అతడు చిరునవ్వు నవ్వి మిఠాయి చేతిలో పెట్టినాడు. అర్ధగంట గడవకముందే ఆ బాలుని ఒంటినిండ దద్దుర్లు లేచెను, వాంతులయ్యెను. వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోవుటచే అపాయము తప్పినది.

మరునాడు ఆతని తల్లి పాఠశాలకు వచ్చెను. నిందించునని భయపడితిమి గాని ఆమె యిట్లనెను: "మాస్టారూ, వాడు నా మాట వినలేదని నేననను. పాలు, పెరుగు, నెయ్యి, జున్ను అని నాలుగు పేర్లు నేర్పాను. ఐదో పేరు నేర్పలేదు. ఆ తప్పు నాదే."

"అమ్మా, మీ తప్పు కాదు. అడిగి తెలిసికొనవలసినది మేము," అంటిని.

ఆమె కొంతసేపు మౌనముగ నుండి, "ఇంట్లో మాత్రం నేనేం చేయాలండీ? వాళ్ళక్క పనీరు కూర తింటుంటే వీడు గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నాడు," అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. బిడ్డకు ఒక పదార్థము మాన్పించుట ఒక యెత్తు, అతనిని పంక్తినుండి వేరుచేయకుండుట మరియొక యెత్తు. మొదటిది వైద్యుడు చెప్పును. రెండవది మనమే చేసికొనవలెను.

పాలు పడకపోవుట యన నేమి?

ఈ మాటలో రెండు వేర్వేరు స్థితులు ఇమిడియున్నవి. రెంటిని ఒకటిగ తలంచుటచే అనేకులు పొరబడుచున్నారు.

మొదటిది పాలచక్కెర జీర్ణము కాకపోవుట. ఆవుపాలలో లాక్టోసు అను చక్కెర నూటికి ఐదుపాళ్ళకు కొంచెము తక్కువగ నుండును. దానిని విడగొట్టు లాక్టేసు అను ఎంజైము చిన్నప్రేవులలో నుండును. శైశవము గడచినపిమ్మట అనేకులలో ఈ ఎంజైము తగ్గిపోవును. ఉత్తరభారతముకంటె దక్షిణభారతమున ఇట్టివారు అధికము. పాలు త్రాగినచో వీరికి కడుపుబ్బరము, నొప్పి, విరేచనములు కలుగును. బాధయే గాని ప్రాణాపాయము కాదు. వీరిలో చాలమంది పెరుగును తినగలరు, ఏలయన పాలు తోడుకొనునప్పుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును తామే వాడుకొనును.

రెండవది పాలలోని మాంసకృత్తులు పడకపోవుట. దీనినే ఎలర్జీ యందురు. ఆవుపాల మాంసకృత్తులలో సుమారు ఎనుబది పాళ్ళు కేసీను, మిగిలినది తేటలోని మాంసకృత్తు. శరీరము వీనిని శత్రువులుగ తలంచి ఎదిరించును. ఇట్టివారికి పెరుగు పనికిరాదు, పనీరు పనికిరాదు. నేతిలో సైతము మాంసకృత్తు లవలేశముగ మిగిలియుండవచ్చును గనుక వైద్యుని అనుమతి లేక వాడరాదు. ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను, పదేపదే వాంతులైనను గృహవైద్యముతో కాలము గడుపక తక్షణమే ఆసుపత్రికి పోవలెను. చిన్ననాటి యీ ఎలర్జీ చాలమందికి వయస్సుతోపాటు పోవును. కాని పోయినదో లేదో పరీక్షించుట వైద్యుని యెదుట జరుగవలసిన పని, మన వంటయింటిలో కాదు.

ఆవుపాలు పడనిచో మేకపాలు ఇమ్మని సలహా చెప్పువారు కలరు. గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాయందలి టాల్‌స్టాయ్ ఫారములో పాలు విడిచి, భారతదేశమునకు వచ్చినపిమ్మట తీవ్రమైన జబ్బుపడి, 1919లో మేకపాలు స్వీకరించుట వారికి దృష్టాంతము. ఆయన విడిచినది వ్రతముచేత, జబ్బుచేత కాదు. ఆవుపాల మాంసకృత్తు పడనివారిలో అత్యధికులకు మేకపాలును పడవు, గేదెపాలును పడవు. ఈ మూడింటి మాంసకృత్తులు ఒకదానినొకటి పోలియుండుటయే దీనికి కారణము.

జున్ను, ఛెనా, టోఫూ

మన జున్ను ఈనిన పశువుయొక్క తొలిపాలతో నగును. ఆ పాలలో మాంసకృత్తు అధికము గనుక ఆవిరి వేడికే గట్టిపడును. ఛెనా, పనీరు ఇట్లు కావు. కాగిన పాలలో పులుపు వేసి విరుగగొట్టి, తేట వంచి చేయుదురు. పాలు విరుగుట తెలుగింట నష్టముగ భావింపబడగా, ఒడిశాలో అదియే ఛెనాపోడకును, రసగోలాకును పునాది! ఐరోపావారి ఛీజు చాలవరకు దూడ కడుపునుండి తీసిన రెన్నెటు వంటి పదార్థముతో గట్టిపరచి, మాసములకొలది నిలువచేసినది.

ఈ విరుగుడు విద్య పాలకు మాత్రమే పరిమితము కాదు. గింజలనుండి తీసిన పాలలోను మాంసకృత్తు కలదు. దానిని సైతము పులుపుతోనో ఉప్పుతోనో గడ్డకట్టింపవచ్చును. సోయాచిక్కుడు పాలను ఇట్లు గడ్డకట్టించి చేసినదే టోఫూ. చైనాలో వేయి సంవత్సరములకు మించి యిది వాడుకలో నున్నది. కావున ఇది ఏదో నిన్న పుట్టిన నకిలీ పనీరు కాదు. దానికొక చరిత్ర, దానికొక రుచి కలవు.

చేయు విధానము

పైన చెప్పిన తల్లి పలుమార్లు ప్రయత్నించి నేర్చుకొనిన పద్ధతి యిది. మొదటిసారి పచ్చివాసన వేసినది, రెండవసారి ముద్ద కట్టక పొడిపొడియైనది. కారణములు తెలిసినపిమ్మట చక్కగ కుదిరినది.

పావుకిలో సోయాచిక్కుడు గింజలను ఎనిమిది మొదలు పది గంటలవరకు నానబెట్టవలెను. చేతులతో రుద్ది పొట్టు తీసివేయవలెను. మొత్తముమీద రెండు లీటర్ల నీరు పట్టును. రుబ్బుటకు మిక్కిలి వేడినీరు వాడవలెను. చన్నీటితో రుబ్బినచో గింజలోని ఒక ఎంజైము నూనెపై పనిచేసి పచ్చిచిక్కుడు వాసన పుట్టించును. వేడి తగిలినచో అది నశించును. మొదటి ప్రయత్నము చెడుటకు ఇదియే కారణము. మిక్సీలో వేడినీరు పోయునప్పుడు సగమునకు మించి నింపరాదు.

రుబ్బిన పిండిని పలుచని గుడ్డలో వడగట్టి పాలు పిండవలెను. ఆ పాలను అడుగంటకుండ కలుపుచు కాచవలెను. నురుగు పొంగినంతమాత్రమున కాగినట్లు కాదు. పొంగు తగ్గించి సన్నని సెగపై మరి పదునైదు నిమిషములు మరగనీయవలెను. పచ్చి సోయాలో మాంసకృత్తును జీర్ణము కానీయని పదార్థములు కలవు. అవి ఉడికిననే అణగును. ఈ విషయమున తొందర పనికిరాదు.

దింపి, ఐదారు నిమిషములు ఆరనిచ్చి, నాలుగు పెద్దచెంచాల నిమ్మరసమును ఒక గ్లాసు నీటిలో కలిపి మూడు విడతలుగ పోయవలెను. ప్రతి విడతకు మెల్లగ ఒక్కమారు త్రిప్పి ఆపవలెను. గిరగిర కలిపినచో ముద్ద విరిగి పొడి యగును. రెండవ ప్రయత్నము చెడినది ఇచ్చటనే. పాత్రపై మూతపెట్టి పావుగంట కదపకుండ ఉంచినచో తెల్లని తరకలు ఒకవైపు, పసుపుపచ్చని తేట ఒకవైపు విడిపోవును. తరకలను గుడ్డలో మూటగట్టి, చిల్లుల గిన్నెలో నుంచి, పైన బరువుపెట్టి అరగంట ఒత్తవలెను. ఒత్తిన బరువునుబట్టి సుమారు మూడువందల గ్రాములు లేక అంతకుమించి వచ్చును. చన్నీటిలో ముంచి చల్లనిచోట ఉంచి, ప్రతిదినము నీరు మార్చుచు రెండు మూడు దినములలో వాడుకొనవలెను.

నిమ్మరసమునకు బదులు అంగళ్ళలో టోఫూ చేయువారు కాల్షియం సల్ఫేటుగాని మెగ్నీషియం క్లోరైడుగాని వాడుదురు. ఆహారమునకై శుద్ధిచేసినదే కొనవలెను. గోడలకు వాడు జిప్సము ఎంతమాత్రము పనికిరాదు. కాల్షియం లవణముతో చేసిన టోఫూలో కాల్షియము చేరును. నిమ్మరసముతో చేసినదానిలో అది స్వల్పము.

మిగిలిన పిప్పిని పారవేయనక్కరలేదు. సెనగపిండితో కలిపి వడలు వేయవచ్చును.

ఇక రుచి మాట. టోఫూకు సొంతరుచి తక్కువ. ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, పెనముమీద నూనెతో ఎఱ్ఱగ వేయించి, పిమ్మట కూరలో వేసినచో మసాలాను చక్కగ పీల్చుకొనును. మొదటిసారి వడ్డించినప్పుడు ఆ బాలుడు నమలి చూచి, "ఇది పనీరు కాదమ్మా. కాని బాగుంది," అన్నాడట. ఆ జవాబులో మనకొక పాఠమున్నది. "ఇది అచ్చముగ పనీరే" యని బిడ్డను నమ్మించుట తగదు. మోసపోయిన నాలుక మరల నమ్మదు. అంతేకాక, అన్నిచోట్ల తెల్లనిముక్క తినవచ్చునని బిడ్డ తలంచిన అపాయము. దీని పేరు వేరు, దీని రుచి వేరు అని చెప్పి పెట్టవలెను.

వేరుసెనగ పెరుగు, జీడిపప్పు ముద్ద

మైసూరునందు 1950లో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు వేరుసెనగనుండి పాలు, పెరుగు తీయుటపై బహుకాలము క్రిందటనే కృషిచేసిరి. ఆ పెరుగు ఇంట చేసికొనుట కష్టము కాదు. ఒక కప్పు పచ్చి వేరుసెనగపప్పు రాత్రి నానబెట్టి, పొట్టుతీసి, మూడు కప్పుల నీటితో మెత్తగ రుబ్బి, వడగట్టి, బాగుగ కాచి, గోరువెచ్చగ ఆరినపిమ్మట తోడువేయవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. మామూలు పెరుగుతో తోడువేసినచో పాల మాంసకృత్తు మరల ప్రవేశించును. అందుచే కడిగిన పచ్చిమిరపకాయ తొడిమలు కొన్ని వేసి మొదటి తోడు సిద్ధపరచుకొని, దానితో తరువాతి పెరుగు తోడువేయుదురు. దుర్వాసన వచ్చినను, రంగు మారినను పారవేయవలెను.

మన పొరుగున నున్న పలాస జీడిపప్పునకు ప్రసిద్ధి. నానిన జీడిపప్పును నిమ్మరసము, ఉప్పు, మిరియపుపొడి చేర్చి వెన్నవలె రుబ్బినచో రొట్టెమీద పూయుటకు పనికివచ్చు ముద్ద యగును. పట్టణపు అంగళ్ళలో జీడిపప్పు ఛీజు అని అమ్మునది ఇంచుమించు దీనికి అన్నగారే.

సోయా, వేరుసెనగ, జీడిపప్పు ఇవియును కొందరు పిల్లలకు పడవు. ఒకేదినమున అన్నియు పెట్టక, వైద్యునితో చెప్పి, ఒక్కొక్కటి కొద్దికొద్దిగ అలవాటుచేయవలెను. సంవత్సరము నిండని శిశువునకు తల్లిపాలే శ్రేష్ఠము. అవి లేనిచో వైద్యుడు వ్రాసిన ప్రత్యేకాహారమే గాని ఇంటిలో తీసిన గింజలపాలు ప్రత్యామ్నాయము కానేరవు.

అంగడి ఛీజు, పొట్లముపై వ్రాత

పాలు లేని ఛీజు ఇప్పుడు అంగళ్ళలో లభించుచున్నది. వీనిలో చాలవరకు కొబ్బరినూనెయు, పిండిపదార్థమును ప్రధానములు. పాల ఛీజు కరగి తీగలు సాగుట కేసీనును, కాల్షియమును కలిసి అల్లిన వలవంటి నిర్మాణముచేత జరుగును. గింజల మాంసకృత్తుకు ఆ గుణము లేదు. కఱ్ఱపెండలపు పిండితో ఆ సాగుదలను కొంత అనుకరింతురు. రుచికి అప్పుడప్పుడు తినుటకు దోషము లేదు. కాని మాంసకృత్తు మిక్కిలి తక్కువగనో అసలు లేకనో ఉండుటచే, పనీరుకు బదులుగ బలమిచ్చునని తలంచుట పొరపాటు. పొట్లము వెనుక పట్టికలో మాంసకృత్తుల అంకెను చూచి కొనవలెను.

అంతకుమించి గమనింపవలసినది ఒకటున్నది. పొట్లముపైని పచ్చని చుక్క శాకాహారమునకు గుర్తు. మన దేశమున పాలు శాకాహారమే గనుక పచ్చచుక్కనుబట్టి పాలు లేవని తలంపరాదు. జంతుసంబంధమైనదేదియు లేని వీగన్ ఆహారమునకు వేరు గుర్తు 2022లో వచ్చిన నిబంధనలచే ఏర్పడినది. ఆ గుర్తున్నను, ఎలర్జీ గల బిడ్డకు కొనువారు పదార్థముల జాబితాను చదువక తప్పదు. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీనేట్, బటర్ అను ఇంగ్లీషు మాటలన్నియు పాలకు మారుపేర్లే. 2020 నాటి నిబంధనల ననుసరించి పాలు, సోయా, వేరుసెనగ మొదలైన ఎలర్జీకారకములున్నచో ఆ సంగతిని పొట్లముపై ప్రత్యేకముగ ప్రకటింపవలెను. ఆ పంక్తిని వెదకి చదువుట అలవాటు కావలెను.

పాలు ఇచ్చినవి ఎచ్చటనుండి తేవలెను?

పాల రుచిని అనుకరించుటకంటె, పాలు చేసిన మేలును మరియొక దారిని సమకూర్చుట ముఖ్యము. ఆ మేలు ప్రధానముగ మూడు విధములు. మాంసకృత్తు మొదటిది. దానిని కందిపప్పు, సెనగలు, సోయా, గ్రుడ్లు తినువారికి గ్రుడ్లు ఇచ్చును. కాల్షియము రెండవది. నూరు గ్రాముల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి నూరు గ్రాముల రాగులలో అది 350 మిల్లీగ్రాములకు పైగా, మునగాకులో 300కు పైగా, పొట్టుతీయని నువ్వులలో వేయికి పైగా కలదు. ఆకులు, గింజలలోని కాల్షియము అంతయు ఒంటబట్టదు. కావున ఏదో ఒకదానిని ఒకనాడు పెట్టి తృప్తిపడక, రాగిజావ, మునగాకు పప్పు, నువ్వుల పొడి వీనిని నిత్యాహారములో చేర్చవలెను. మూడవది బి పన్నెండు విటమిను. ఇది సస్యములలో లేదు. గ్రుడ్లు, చేపలు, మాంసము తినని యింట పాలును మానినచో దీనిని మందురూపమున ఇచ్చుటనుగూర్చి వైద్యుని తప్పక అడుగవలెను.

పాఠశాలయు, భాషయు

చివరకు మన సొంత సంగతి. రెండు భాషల నడుమ పెరుగు బిడ్డకు అపాయమును రెండు భాషలలోను నేర్పవలెను. ఒడియాలో పాలను ఖీర యందురు. పాయసమును ఖిరి యందురు. పెరుగు దహి, నెయ్యి ఘిఅ, విరిగిన పాలముద్ద ఛెనా. ఇతర రాష్ట్రములందున్న మన సోదరులు తమ తమ ప్రాంతపు మాటలను ఇట్లే ఒక చీటీపై వ్రాసి బిడ్డచే వల్లెవేయింపవలెను. ప్రవేశసమయమున బిడ్డకు పడని పదార్థములను రెండు భాషలలో వ్రాసి ఉపాధ్యాయులకును, వంటవారికిని ఇయ్యవలెను.

మా పాఠశాలలో ఆ సంఘటనకు పిమ్మట ఉత్సవదినములలో పంచు తీపి మార్చితిమి. తల్లిదండ్రులను ముందుగ విచారించి, ఏ బిడ్డకును పడనిది లేదని తెలిసికొని, నూనెలో వేయించిన అరిసెలు పంచుచున్నాము. మన అరిసె ఒడియావారికి అరిసాపిఠా. బియ్యపుపిండి, బెల్లము, నువ్వులు ఉభయులకు సమానమే. మొదటి సంవత్సరము ఆ బాలుడు తన వంతు వచ్చినప్పుడు ఆగి, ఈసారి ఒడియాలో "ఖీర ఉందా?" యని అడిగినాడు. లేదని తెలిసికొని, తోటివారి నడుమ కూర్చుండి తినినాడు.

బిడ్డ అడుగుట నేర్చుకొనవలెను, పెద్దలు అర్థము చేసికొని జవాబు చెప్పవలెను. ఈ రెండును కుదిరిన ఇంటను, బడిలోను పాలు పడని బిడ్డకు లోటుండదు. తల్లిదండ్రులు ఈ విషయమున పాఠశాలతో చేయి కలుపుదురుగాక.